ఇరవై నాలుగు డిగ్రీల సగటు

పరాంకుశంగారు నడుముకి తుపాకీ పెట్టుకుని కింది అంతస్తు మెట్లు దిగారు.

అది ఉష్ణోగ్రత కొలిచే తుపాకీ. మీట నొక్కితే ఎదుటి వస్తువు మీద ఎర్రటి చుక్క పడుతుంది, వెనక చిన్న అద్దంలో అంకె వెలుగుతుంది. ఒంగోలుకి కాస్త దూరంలో ఉన్న ఆ పరిశోధన సంస్థలో ఆ ఎర్ర చుక్కకి భయపడని మనిషి లేడు. వేసవి మొదట్లో పై కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "సంస్థలోని ఏ విభాగమునందును ఉష్ణోగ్రత ఇరవై నాలుగు డిగ్రీలకు తగ్గునట్లు శీతల యంత్రములను నడుపరాదు." దాని అమలు కోసం శీతల నియంత్రణాధికారి అనే పదవి పుట్టింది. ఆ పదవి కోసమే పరాంకుశంగారు ఎప్పుడో పుట్టి ఉన్నారు.

అప్పటికే ఆయన డైరెక్టరుగారి ఏసీకి తాళం వేశారు. క్యాంటీన్ ఫ్రిజ్‌ని ఇరవై నాలుగు దగ్గర పెట్టించారు. దాంట్లో పెట్టిన పెరుగు తనంతట తనే నడిచి బయటికొచ్చేట్టు ఉందని క్యాంటీన్ నడిపే అంకమ్మ అంటే, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మన్నారు.

కింది అంతస్తు చివరి గదిలో ఏసీ లేదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు. తలుపు తెరిస్తే లోపల మనిషెత్తు తెల్లటి పీపా ఒకటి ఉక్కు చట్రానికి వేలాడుతోంది. పక్కన పంపులు గురక పెడుతున్నాయి. డాక్టర్ సువర్చల తెర ముందు కూర్చుని ఉంది.

"ఇదేమిటి డాక్టరుగారూ?"

"ఫ్రిజ్ అండీ."

నిజం చెప్పడం సువర్చలకి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఆ పూట ఆమె చేసిన మొదటి తప్పు అదే.

పరాంకుశంగారు తుపాకీ తీసి పీపాకి గురిపెట్టారు. చుక్క పడింది. "ముప్పై ఎనిమిది. భేష్. ఇలా నడుపుకోవాలి ఫ్రిజ్ అంటే." వెనక్కి తిరిగారు.

"బయట అంతేనండీ. చల్లదనమంతా లోపలే." ఇది రెండో తప్పు.

ఆయన ఆగారు. "ఎంత?"

"తెర మీద ఉందండీ. సున్నా పాయింటు సున్నా ఒకటి. కెల్విన్‌లో."

"మనకి తెలిసిన డిగ్రీల్లో చెప్పండి."

"మైనస్ రెండొందల డెబ్బై మూడు."

పంపులు గురక పెడుతూనే ఉన్నాయి. పరాంకుశంగారు పక్కనున్న స్టూలు తడిమి చూసుకుని కూర్చున్నారు.

"ఇరవై నాలుక్కి ఇది తక్కువేనంటారా?"

"ఇది దాదాపు అట్టడుగేనండీ. విశ్వంలోనే అంతకంటే కిందికి పోవడానికి వీల్లేదు."

"అంటే," అన్నారాయన మెల్లగా, "నిబంధనని ఎంతవరకు ఉల్లంఘించడానికి సృష్టిలో వీలుందో అంతవరకూ ఉల్లంఘించారన్నమాట."

సువర్చల ఎప్పుడూ ఆ కోణంలో ఆలోచించలేదు.

"లోపల ఏం పెట్టారు? పాలా?"

"అయస్కాంతం అండీ. ఆవగింజలో సగం ఉంటుంది."

ఆవగింజలో సగానికి ఇంత ఫ్రిజ్ ఎందుకని ఆయన అడగలేదు. అధికారి అనేవాడు ఎందుకని అడగడు. "సాయంత్రానికల్లా ఆపేయండి," అన్నారు.

సువర్చల కుర్చీలోంచి లేచి నిలబడింది. లోపల ఉన్నది వెంట్రుక కంటే పలచని పొర. ఇట్రియం, ఇనుము, ఆక్సిజన్ కలిసిన గోమేధిక జాతి స్ఫటికం. దాన్ని పెంచిన పలక మీద నుంచి ఊడదీసి, చిప్ మీద అతికించాలి. చలికి పొర ఒకరకంగా ముడుచుకుంటుంది, చిప్ ఇంకోరకంగా. అలా నాలుగు పొరలు పగిలాయి. ఇదొక్కటే పగలకుండా అట్టడుగు చలిదాకా చేరింది. మళ్ళీ వేడెక్కితే ఇదీ పోతుంది. ఇంకొకటి చేద్దామంటే స్ఫటికాలు పెంచే కొలిమి లేదు. రెండొందల డిగ్రీలు దాటిన వస్తువేదీ ఆవరణలో ఉండరాదని పోయినేడు అగ్ని భద్రతాధికారి దాన్ని మూయించాడు.

అగ్ని భద్రత కూడా పరాంకుశంగారికే అదనపు బాధ్యత.

"సార్, నెలాఖరుకి ఢిల్లీ బృందం వస్తోంది. ఆలోపు కొలత రాకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. దయచేసి అప్పటిదాకా..."

"దయ నా పరిధిలో లేదమ్మా. కమిటీ పరిధిలో ఉంటుంది," అన్నారు పరాంకుశంగారు.

*

కమిటీ మర్నాడు కూర్చుంది. ఏసీకి తాళం వేసిన గదిలో డైరెక్టరు చెన్నకేశవులుగారు ఫైలుతో విసురుకుంటున్నారు. ఆయన ఒకప్పుడు సైంటిస్టు. ఇప్పుడు ఎవరినీ నొప్పించని మనిషి. బల్లకి అటూ ఇటూ సభ్యులు వరసగా కూర్చున్నారు.

"ఆ ఫ్రిజ్‌లో నువ్వు ఏం వెతుకుతున్నావో వీళ్ళకి తేలిక మాటల్లో చెప్పమ్మా సువర్చలా."

"అయస్కాంతం అంటే కోటానుకోట్ల చిన్న చిన్న సూదులు సార్. అన్నీ ఒకే వైపు చూస్తూ వరసగా నిలబడి ఉంటాయి. ఒక సూది తల కాస్త వంచితే పక్కది వంచుతుంది, దాన్ని చూసి దాని పక్కది. ఏదీ తన చోటు కదలదు. వంపు మాత్రం అలలాగా ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది."

"అర్థమైంది," అని చెన్నకేశవులుగారు తలవంచారు. పక్కనున్న రిజిస్ట్రారు తలవంచాడు. ఆయన పక్కనున్న స్టోర్స్ అధికారి వంచాడు. బల్ల చివర అప్పుడే లోపలికొచ్చి కూర్చున్న ఆరోగ్య కేంద్రం డాక్టరు, విషయం ఏమిటో తెలియకుండానే వంచాడు.

"సరిగ్గా ఇదే సార్," అంది సువర్చల. "మామూలు అయస్కాంతాల్లో ఆ వంపు నాలుగడుగులు పోకముందే వేడిగా మారి చచ్చిపోతుంది. ఈ గోమేధికంలో మాత్రం చాలాసేపు బతుకుతుంది. అలాంటి అల ఒక్కటంటే ఒక్కటి పుట్టినా, పక్కనున్న క్యూబిట్ అనే చిన్న వలయం దాన్ని కనిపెట్టాలి. అయస్కాంతం మాట క్వాంటం యంత్రానికి అర్థం కావాలన్నమాట. గది వేడిలో అలాంటి అలలు లెక్కలేనన్ని వాటంతటవే లేస్తాయి. తిరునాళ్ళలో గుసగుస వినబడనట్టు ఒక్కదాని చప్పుడు వినబడదు. అందుకే చలి."

పరాంకుశంగారు లేచారు. "అలల విషయమై ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు. ఎన్ని అలలైనా లేపుకోవచ్చును. ఇరవై నాలుగు డిగ్రీల వద్ద లేపుకొనవలసినదిగా మనవి."

"లేవవండీ."

"ప్రయత్నించితిరా?"

సువర్చలకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సర్క్యులర్ ప్రతి తన ముందే ఉంది. మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు దాంట్లో ఒక మాట పట్టుకుంది.

"ఇందులో విభాగమునందు అని ఉంది సార్. యంత్రమునందు అని లేదు. మా విభాగంలో గదులన్నీ ముప్పై ఎనిమిదిలో ఉడుకుతున్నాయి. మొత్తం విభాగానికి సగటు తీయండి."

మూడో తప్పు ఇది. కాని ఆ క్షణంలో అద్భుతంగా కనబడింది. చెన్నకేశవులుగారు తలవంచారు. అల బల్ల చివరిదాకా పోయింది.

పరాంకుశంగారు వంచలేదు. ఆలోచించారు. ఆయన దుర్మార్గుడు కాదు, నిబంధన పట్ల భక్తి ఉన్నవాడు. సగటు అనే మాట ఆయనకి నచ్చింది. "సమ్మతమే. కాని గదులకు సగటు తీయరాదు, గదులు యంత్రములు కావు. యంత్రములకే తీయవలెను. నిబంధన ముందు చిన్నదని, పెద్దదని లేదు, అన్ని యంత్రములు సమానమే. మీ విభాగమున వేడి యంత్రము ఏమున్నది?"

"కొలిమి ఉండేదండీ. మీరు మూయించారు."

"అది రెండొందలు దాటును. రెండొందలకు లోబడి, నిరంతరాయముగా వేడిగా నుండు యంత్రము కావలెను."

అందరూ ఆలోచనలో పడ్డారు. కిటికీలోంచి గాలి వీచింది. ఆ గాలితోపాటు శనగపిండి వాసన వచ్చింది.

కమిటీ మొత్తం ఒక్కసారే కిటికీ వైపు తిరిగింది.

*

"ఏంది మేడం, నన్ను సైన్సులోకి లాగారంట?" అంది అంకమ్మ, చెంగుతో మొహం తుడుచుకుంటూ.

"నిన్ను కాదు అంకమ్మక్కా. నీ మూకుళ్ళని."

లెక్క రాత్రికి రాత్రే తేలిపోయింది. మైనస్ రెండొందల డెబ్బై మూడుకి ఎదురుగా రెండు బజ్జీల మూకుళ్ళు. ఒక్కొక్క దాంట్లో నూనె నూట డెబ్బై రెండున్నర డిగ్రీలు. కలిపి మూడుతో భాగిస్తే సరిగ్గా ఇరవై నాలుగు. మూకుళ్ళు పరిపాలనాపరంగా భౌతికశాస్త్ర విభాగానికి బదిలీ అయ్యాయి. అంకమ్మ హోదా ఉష్ణ సమతుల్య సహాయకురాలు.

మూకుళ్ళని ఫ్రిజ్ పక్కనే పెట్టాలన్నారు పరాంకుశంగారు. ఒకే కప్పు కింద ఉంటే చాలని సువర్చల బతిమాలి వాటిని వరండాలో పెట్టించింది. ప్రతి మూకుట్లోనూ ఒక ఉష్ణమాపకం మునిగి ఉంటుంది. వాటి తీగలూ ఫ్రిజ్ తీగా వెళ్ళి గోడ మీది పెద్ద బోర్డులో కలుస్తాయి. బోర్డు మీద ఎర్రటి అక్షరాల్లో సగటు. అది ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే గంట మోగుతుంది.

"మూడుసార్లు మోగినచో ఫ్రిజ్ కరెంటు తీసివేయబడును," అని పరాంకుశంగారు బోర్డు కిందే అంటించారు.

మొదటి గంట మొదటి పూటే మోగింది. అంకమ్మ అలవాటు కొద్దీ పది మిరపకాయలు పిండిలో ముంచి ఒకేసారి వేసింది. నూనె చల్లబడింది. సగటు పద్దెనిమిదికి పడిపోయింది. పరాంకుశంగారు తుపాకీతో పరిగెత్తుకొచ్చారు.

"బజ్జీ ఎందుకు వేశారు?"

"మరి మూకుడు పెట్టింది దేనికి సారూ, మొహం చూసుకోటానికా?"

"వేడి కొరకు. బజ్జీల కొరకు కాదు."

"ఉత్తి నూనె ఎంతసేపని కాస్తారు? మాడి కంపు కొట్టిద్ది. పైగా ఇంట్లో పిల్లలు గలదాన్ని, ఖాళీ మూకుడు పొయ్యి మీద పెట్టను."

ఖాళీ మూకుడు పెట్టకూడదన్న నిబంధన ముందు పరాంకుశంగారు తుపాకీ దించారు. అది ఆయన సర్క్యులర్ కంటే పాతది.

రెండో గంట కొత్త నూనె పోసినప్పుడు మోగింది. ఆ తరవాత అంకమ్మ ఒడుపు పట్టింది. ఎడమ మూకుట్లో వాయ వేసేటప్పుడు కుడి మూకుడు కింద మంట పెంచేది. కుడివైపు వేసేటప్పుడు ఎడమది పెంచేది. అరటికాయకి ఇంత, మిరపకాయకి ఇంత అని చేతికి తెలిసిపోయింది. బోర్డు మీద ఇరవై నాలుగు గోడకి కొట్టిన మేకులా నిలిచింది.

ఫ్రిజ్ రాత్రింబవళ్ళూ నడుస్తుంది కాబట్టి మూకుళ్ళూ నడిచాయి. రాత్రికి అంకమ్మ చెల్లెలొచ్చింది, తెల్లవారుజామున ఆమె తోడికోడలు. బజ్జీలు గుట్టలు పడ్డాయి. ఉప ఉత్పత్తుల వినియోగ సంఘం ఏర్పడి, "ప్రతి ఉద్యోగియు దినమునకు ఒక ప్లేటు వినియోగించవలెను" అని తీర్మానించింది. సెమినార్లకి జనం కిక్కిరిశారు, వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికీ పొట్లం చొప్పున అంటగట్టారు. ఆరోగ్య కేంద్రం డాక్టరు గుండెమంట మాత్రలు ఇంకా తెప్పించమని రాస్తే, మంట ఉష్ణోగ్రత ఎంతో తెలపమని పరాంకుశంగారు తిరుగు జాబు రాశారు.

"సార్, కరెంటు ఆదా చేద్దామని కదా సర్క్యులర్?" అని ఒకసారి సువర్చల అడిగింది. "మరి గ్యాస్ ఇంత ఖర్చవుతోంది."

"గ్యాస్ వేరే సెక్షనమ్మా," అన్నారాయన, బోర్డు వైపు తృప్తిగా చూస్తూ.

*

ఢిల్లీ బృందం వచ్చే ఉదయం. సువర్చల తెర ముందు కూర్చుంది.

వారమంతా క్యూబిట్ గీత ఒకే చోట నిలబడి ఉంది. అయస్కాంతంలో అల లేకపోతే గీత అక్కడే ఉంటుంది. ఒక్క అల లేస్తే రవ్వంత పక్కకి జరుగుతుంది. కొన్నిసార్లు లేచి, కొన్నిసార్లు లేవకపోతే తెర మీద రెండు గీతలు పక్కపక్కన తేలాలి. రాత్రంతా కొలతలు పోగయ్యాయి. ఇప్పుడిప్పుడే ఆ ఒక్క గీత భుజం దగ్గర ఏదో ఉబ్బుతోంది.

"మేడం," అంది అంకమ్మ గుమ్మంలోంచి, గొంతు తగ్గించి. "కుడి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ అయిపోయింది."

"ఇంకో సిలిండరు?"

"స్టోర్స్‌లో పెట్టి తాళం వేశారు. తాళంచెవి పరాంకుశంగారి దగ్గరుంది. ఆయనేమో ఢిల్లీవాళ్ళ కోసం గేటు కాడ దండలు పట్టుకునున్నారు."

సువర్చల వరండాలోకి వచ్చింది. బోర్డు మీద ఇరవై నాలుగు. చూస్తుండగానే ఇరవై మూడుమ్ముప్పావు. కుడి మూకుట్లో నూనె చప్పబడుతోంది. ఇరవై మూడున్నర. గంట మోగితే అది మూడోది. కరెంటు పోతుంది. చలి పోతుంది. పొర పోతుంది. గేటు దగ్గర కార్ల తలుపులు పడుతున్న చప్పుడు.

ఇరవై మూడుంబావు.

జీవితంలో ఎన్నడూ అబద్ధమాడని డాక్టర్ సువర్చల చెయ్యి చాచింది. కుడి మూకుట్లోని ఉష్ణమాపకం పైకి లాగింది. దాన్ని తీసుకెళ్ళి ఎడమ మూకుట్లో, రెండోదాని పక్కనే ముంచింది.

బోర్డు ఒక్క క్షణం ఆలోచించింది. ఇరవై నాలుగు.

"ఇదేం లెక్క మేడం?" అంది అంకమ్మ.

"సర్క్యులర్ లెక్క అక్కా. ఎడమ మూకుట్లో మాత్రం వాయ వేయకు."

ఆమె తిరిగి గదిలోకి వచ్చేసరికి తెర మీద రెండు గీతలున్నాయి. పక్కపక్కన, సూదులు గుచ్చినట్టు. ఆ ఒకే ఒక్క తలవంపుని క్యూబిట్ విన్నది. సువర్చల కుర్చీలో కూలబడి, పక్కనున్న బజ్జీ తీసుకుని కొరికింది. దాని రుచి మొదటిసారి తెలిసింది.

*

ఢిల్లీ బృందం అధ్యక్షుడు పొడవాటి మనిషి, తక్కువ మాట్లాడతాడు. రెండు గీతలూ చూశాడు. సువర్చల చెప్పిందంతా విన్నాడు.

"గీతలు ఎవరైనా గీస్తారు," అన్నాడు. "వస్తువు చూడందే ప్రాజెక్టు పొడిగించడం నాకు అలవాటు లేదు. ఫ్రిజ్ తెరవండి."

"తెరిస్తే వేడెక్కుతుంది సార్. పొర పగులుతుంది. మళ్ళీ ఇంకోటి చేయడానికి కొలిమి..."

"తెరవండి."

సువర్చల చెన్నకేశవులుగారి వైపు చూసింది. ఆయన తలవంచారు. రిజిస్ట్రారు తలవంచాడు. అల వరస చివరిదాకా వచ్చి, అక్కడ గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయింది.

పరాంకుశంగారు ఫ్రిజ్‌కీ అధ్యక్షుడికీ మధ్య నిలబడ్డారు. చెయ్యి తుపాకీ మీద ఉంది.

"తెరుచుటకు వీలుపడదు."

"ఏమిటి?"

"ఇది తెరిచిన యెడల లోపలి ఉష్ణోగ్రత ఈ గది ఉష్ణోగ్రతకు చేరును. బయట రెండు మూకుళ్ళు కాగుచున్నవి. విభాగపు సగటు నూట ఇరవై దాటును. ఇరవై నాలుగు అనగా ఇరవై నాలుగే. తక్కువ కాదు, ఎక్కువా కాదు."

"మూకుళ్ళా?" అన్నాడు అధ్యక్షుడు.

వరండాలోకి తీసుకెళ్ళి చూపించారు. ఎర్రటి ఇరవై నాలుగు వైపు ఆయన చాలాసేపు చూశాడు. సువర్చల చూపించిన రెండు గీతల వైపు కూడా ఆయన అంతసేపు చూడలేదు. అంకమ్మ ఎడమ మూకుడికి అడ్డంగా నిలబడి ఒక ప్లేటు చేతికిచ్చింది.

"అద్భుతం," అన్నాడాయన, రెండో బజ్జీ నోట్లో పెట్టుకుంటూ. "దేశంలో ఏ సంస్థా సర్క్యులర్‌ని ఇంత శాస్త్రీయంగా అమలు చేయలేదు."

ప్రాజెక్టు అక్కడికక్కడే పొడిగించారు. పరాంకుశంగారికి పదోన్నతి వచ్చింది. పైవాళ్ళు ఈ పద్ధతిని మిగతా సంస్థలకీ పంపించారు. ఉత్తరాదిన ఒకచోట జిలేబీ వేస్తున్నారని విన్నాం.

*

నెల గడిచింది. సువర్చల పరాంకుశంగారి గదికి వచ్చింది. చేతిలో విన్నపం ఉంది.

"కొలతలన్నీ అయిపోయాయి సార్. రెండు పొరలు పక్కపక్కన పెట్టి, ఒకదాని అల ఇంకోదానికి వినబడుతుందేమో చూడమన్నారు. వేడెక్కితే పాతది ఎలాగూ పోతుంది కాబట్టి, విదేశం నుంచి కొత్త పొరలు రెండు అడిగి తెప్పించాను. అవి లోపల పెట్టాలి. ఫ్రిజ్‌ని ఒక్కసారి వేడెక్కించనివ్వండి."

"వేడెక్కించుటకు వీలు లేదు. సగటు."

"మూకుళ్ళు కూడా ఆర్పేద్దాం."

"ఆర్పిన యెడల మూడును గది వేడికి చేరును. ఒంగోలులో గది వేడి ముప్పై ఎనిమిది. మరల ఉల్లంఘన."

"చలికాలం దాకా ఆగనా?"

"మన చలికాలములో ఇరవై నాలుగు ఎక్కడిదమ్మా? ఏసీ వేసి తేవలెను. ఏసీలకు తాళము వేసితిని." ఆయన గొంతులో నిజమైన విచారం ఉంది. "ఆ రోజు ఆపమంటే ఆపనని మీరే బతిమాలారు. గుర్తుందా?"

గుర్తుంది. సువర్చల విన్నపం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆయన లేచి, ఎందుకో ఆమెతోపాటు కింది అంతస్తుదాకా వచ్చారు. పీపా అలాగే వేలాడుతోంది. పంపులు గురక పెడుతున్నాయి. తెర మీద సున్నా పాయింటు సున్నా ఒకటి.

"అమ్మా, ఆవేళ మీరు పట్టుకున్న అల," అన్నారు పరాంకుశంగారు, కార్యాలయ భాష వదిలేసి. "అది ఇంకా లోపల తిరుగుతోందా?"

"లేదండీ. అది సెకనులో పదిలక్షో వంతు కూడా బతకదు. అప్పుడే పోయింది."

"కొలతలు?"

"అయిపోయాయి."

"మరి ఇప్పుడు మనం ఇంత చలి పెట్టి కాపాడుతున్నది దేన్ని?"

సువర్చల వరండాలోకి చూసింది. ఎర్రటి అంకె నిలకడగా వెలుగుతోంది. అంకమ్మ చెల్లెలు ఎడమ మూకుట్లో వాయ వేస్తూ, చూడకుండానే కుడిచేత్తో రెండో పొయ్యి మంట పెంచింది.

"సగటునండీ."

పరాంకుశంగారి మొహం తేటపడింది.

"అయితే సరే," అని తలవంచారు.